గుండెకు మందు, ఊపిరికి గండం

లయ తప్పిన గుండెను దారిలో పెట్టే అమియోడరోన్ కొందరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మందును చూసి భయపడనక్కర్లేదు గానీ దాన్ని ఓ కంట కనిపెట్టి ఉండకపోతేనే ముప్పు

గుండె జబ్బు మనిషికి ఆయాసం వచ్చిందంటే చాలు, అందరి చూపూ గుండె మీదికే పోతుంది. నాలుగు మెట్లెక్కితే రొప్పు వస్తోందా? గుండె బలహీనపడిందంటారు. రాత్రిళ్లు దగ్గు నిద్ర పట్టనివ్వడం లేదా? ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటారు. నీరు తీసే మాత్ర మోతాదు పెరుగుతుంది. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది కూడా. కానీ కొన్నిసార్లు తప్పు గుండెది కాదు. గుండె కోసమే ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటున్న ఓ చిన్న మాత్రది.

ఆ మాత్ర పేరు అమియోడరోన్. గుండె లయ తప్పినప్పుడు వాడే మందుల్లో దీనికి మించిన శక్తిమంతమైనది లేదని డాక్టర్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలూ ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చే గుండె దడలో, మరే మందుకూ లొంగని లయ లోపాల్లో అది ఆదుకున్న సందర్భాలు కోకొల్లలు. భారత ప్రభుత్వం రూపొందించిన అత్యవసర ఔషధాల జాబితాలో దానికి చోటుంది. అయితే శరీరంలో దాదాపు ప్రతి అవయవాన్నీ ఏదో ఒక రీతిలో తాకే మందు కూడా ఇదే. వాటిలో అన్నిటికన్నా భయపెట్టేది ఊపిరితిత్తుల మీద పడే దెబ్బ.

ఈ మందు పుట్టుక కథ ఆసక్తికరమైనది. ఈజిప్టు పరిసరాల్లో పెరిగే ఓ మొక్క గింజల్లో ఖెల్లిన్ అనే పదార్థం ఉంటుంది. కైరోలో పనిచేస్తున్న రష్యన్ శాస్త్రవేత్త గ్లెబ్ ఆన్రెప్ తన దగ్గరి టెక్నీషియన్‌కు ఖెల్లిన్ తీసుకున్నాక గుండె నొప్పి తగ్గడం గమనించారు. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితంగా 1961లో బెల్జియంలోని లాబాజ్ కంపెనీ అమియోడరోన్‌ను తయారు చేసింది. మొదట్లో దాన్ని వాడింది గుండె నొప్పికే. దానికి లయను సరిదిద్దే గుణం ఉందని 1970 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో నిరూపించినవారు మైల్స్ వాన్ విలియమ్స్, ఆయన శిష్యుడు బ్రహ్మ సింగ్. ఈ సింగ్ ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు. అర్జెంటీనాలో మారిసియో రోసెన్‌బామ్ బృందం రోగులపై దాని సత్తాను చాటింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం 1985 డిసెంబర్ దాకా ఆమోదించలేదు. అప్పుడు కూడా ప్రాణాంతకమైన లయ లోపాలకు, అదీ వేరే మందులు పనిచేయనప్పుడే వాడాలని షరతు పెట్టింది.

నాలుగేళ్లు తిరిగేసరికి పరిస్థితి మారింది. గుండెపోటు వచ్చి కోలుకున్నవారికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే లయ మందులు ఇస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవారి కన్నా వారిలోనే మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1989లో ఓ పెద్ద అధ్యయనం బయటపెట్టింది. డాక్టర్లు హతాశులయ్యారు. దెబ్బతిన్న గుండెకు కూడా కాస్త నిర్భయంగా ఇవ్వదగ్గ మందు కోసం చూస్తే ఎదురుగా అమియోడరోన్ కనిపించింది. వాడకం విస్తరించింది. ప్రాణాంతకమైన దడకే పరిమితం కావాల్సిన మందు, గుండె పై గదులు గిలగిలా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కూ రోజువారీ మందైంది. ఇప్పటికీ ఈ జబ్బుకు దాన్ని వాడాలని అమెరికాలో మందు లేబుల్ మీద లేదు. డాక్టర్లు అనుభవంతో రాస్తున్నారు, అంతే.

మన దేశంలో ఇలా రాయాల్సిన అవసరం మరీ ఎక్కువ. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె కవాటాలను పాడుచేయడం పశ్చిమ దేశాల్లో దాదాపు గతించిన ముచ్చట. ఇక్కడ కాదు. కవాటం ఇరుకైన పడుచు ఆడవాళ్లకూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావడం మన గుండె ఆస్పత్రులకు కొత్తేమీ కాదు. మరోవైపు బైపాస్ ఆపరేషన్లు పెరిగాయి. ఆ ఆపరేషన్ చేయించుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి తొలి రోజుల్లో లయ తప్పుతుంది. అప్పుడు అమియోడరోన్ మొదలుపెడతారు. సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు వాడి ఆపేయాల్సిన కోర్సు అది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆపమని చెప్పేవారు ఉండరు. డిశ్చార్జి కాగితంలో ఎనిమిదో తొమ్మిదో మందుల పేర్లుంటాయి. వాటిలో ఏది జన్మంతా వాడాలో, ఏది రెండు నెలలకు ముగించాలో రోగికి తెలియదు. ఊరికి వెళ్లాక పెద్ద డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లడమంటే బస్సు చార్జీలు, ఫీజు, ఒక రోజు కూలి. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో అవే మాత్రలు ఇస్తారు. నెలకోసారి ఆ చీటీ షాపు మెట్లెక్కుతుంది, రోగి మాత్రం ఆస్పత్రి గడప తొక్కడు. అలా కొన్ని వారాల మందు కొన్నేళ్ల మందవుతుంది.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

అమియోడరోన్ కొవ్వులో కరిగే మందు. వేసుకున్న మాత్ర కొవ్వులో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. సగటున సగం మందు శరీరాన్ని వీడటానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. కొందరిలో నాలుగు నెలలు దాటుతుంది. డయాలసిస్ చేసినా పోదు. మామూలు జ్వరం మాత్ర ప్రభావం ఒక పూటతో సరి. దీని సంగతి అలా కాదు. ఈ రోజు మానేసినా వచ్చే పండక్కి కూడా ఒంట్లో ఉంటుంది.

ఊపిరితిత్తుల కణాల్లో పాత కొవ్వు పదార్థాలను విరగ్గొట్టి శుభ్రం చేసే ఓ యంత్రాంగం ఉంది. అమియోడరోన్ ఆ యంత్రాంగానికి అడ్డుపడుతుంది. చెత్త పోగుపడి కణాలు నురగలా ఉబ్బుతాయి. ఈ దశ వరకు పెద్ద నష్టం లేదు. మందు వాడే చాలామందిలో ఇది కనిపించేదే. కానీ కొందరిలో మందు, అది శరీరంలో మారి ఏర్పడే మరో పదార్థం కలిసి కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. ఇంకొందరిలో శరీర రక్షణ వ్యవస్థే తిరగబడి వాపు తెస్తుంది. గాలి గదుల గోడలు మందమవుతాయి. ప్రాణవాయువు రక్తంలోకి చేరడం కష్టమవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ గోడలు మచ్చకట్టి గట్టిపడతాయి. అలా గట్టిపడ్డ భాగం మళ్లీ మెత్తబడదు.

ఎంతమందికి ఇలా అవుతుంది? రోజుకు 400 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇచ్చిన తొలి రోజుల్లో నూటికి 10 నుంచి 17 మందిలో ఊపిరితిత్తుల సమస్య కనిపించిందని, వారిలో పదో వంతు మంది మరణించారని అమెరికాలోని మందు లేబులే చెబుతుంది. అందుకే అక్కడ ఆ లేబుల్‌పై నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. ఇప్పుడు తొలి వారాలు దాటాక రోజుకు 200 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువకు దించుతున్నారు. దాంతో సమస్య నూటికి ఒకరి నుంచి అయిదుగురికి పరిమితమైంది. అంటే వాడేవారిలో అత్యధికులకు ఊపిరితిత్తులు క్షేమమే. కానీ తక్కువ మోతాదు రక్షణ కవచం కాదు. తక్కువ మోతాదును ఏళ్ల తరబడి వాడినవారిలోనూ ఈ దెబ్బ కనిపించింది. అరవై దాటినవారికి, ముందునుంచే ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ముప్పు ఎక్కువ.

వేషం మార్చే జబ్బు

లక్షణాలు చెప్పుకోదగ్గ ఆర్భాటమేమీ లేకుండా వస్తాయి. పొడి దగ్గు. నడిస్తే ఆయాసం. ఒంట్లో నలతగా ఉండటం. కొందరికి సన్నటి జ్వరం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో నొప్పి, బరువు తగ్గడం. మందు మొదలుపెట్టాక ఎక్కువగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బయటపడతాయి. కొందరికి వారాల్లోనే రావచ్చు, మరికొందరికి ఏళ్లు పట్టవచ్చు.

ఈ లక్షణాల జాబితా చదవగానే మన దేశంలో ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోమని గోడల మీద రాసి మరీ చెబుతున్నారు. ఆ పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ పరీక్షలో క్రిమి కనిపించకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ ఉందన్న ఒక్క కారణంతో క్షయ మందులు మొదలుపెడితే రెండు నష్టాలు. ఊపిరితిత్తులను తింటున్న మందు అలాగే కొనసాగుతుంది. పైగా క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ రక్తంలో అమియోడరోన్ స్థాయిని తగ్గిస్తుంది. లయ మళ్లీ తప్పే అవకాశం ఉంది.

రెండో వేషం గుండె వైఫల్యం. నీరు చేరిందనుకుని నీరు తీసే మాత్రలు పెంచుకుంటూ పోతే రక్తంలో పొటాషియం తగ్గుతుంది. అమియోడరోన్ వాడుతున్న గుండెకు పొటాషియం తగ్గడమంత ప్రమాదం మరొకటి లేదు. అది కొత్త లయ లోపాన్ని తెచ్చిపెడుతుంది. మూడో వేషం న్యుమోనియా. యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు ముగుస్తుంది, దగ్గు మాత్రం ముగియదు. వీటికి తోడు బీపీకి, గుండెకు వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు కూడా పొడి దగ్గు తెస్తాయి. వాటితో సాధారణంగా ఆయాసం రాదు, స్కాన్‌లో తేడా కనిపించదు.

మరి తేల్చేదెలా? ఇది అమియోడరోన్ పనే అని ముద్ర వేసి చెప్పే ఒక్క రక్త పరీక్ష లేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చుకుంటూ రావాలి. గుండె పంపింగ్ ఎలా ఉందో టూడీ ఎకో చెబుతుంది. బీఎన్‌పీ అనే రక్త పరీక్ష గుండె వైఫల్యాన్ని విడదీయడానికి పనికొస్తుంది. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు మసక అద్దంలా కనిపించవచ్చు. మందులో అయోడిన్ ఉంది కనుక, అది పేరుకున్న చోట్లు స్కాన్‌లో మామూలు కన్నా తెల్లగా మెరుస్తాయి. ఇక అసలైన సాక్షి మరో పరీక్ష. గాలి గదుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత చొప్పున దాటుతోందో కొలిచే ఈ పరీక్షను డీఎల్‌సీఓ అంటారు. మందు మొదలుపెట్టక ముందున్న అంకెతో పోలిస్తే 15 నుంచి 20 శాతం పడిపోతే అనుమానించాలి. అయితే ఆ మొదటి అంకె ఉంటేనే కదా పోల్చేది! ముందు ఎక్స్‌రే లేదు, ముందు పరీక్ష లేదు. ఆయాసం వచ్చాక తీసిన చిత్రాన్ని దేనితో పోలుస్తారు?

అనుమానం గట్టిపడితే చికిత్స చెప్పడం తేలికే, చేయడం కష్టం. అమియోడరోన్ ఆపాలి. జబ్బు తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్లు ఇవ్వాలి. మందు శరీరంలో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది కాబట్టి స్టెరాయిడ్లనూ నెలల తరబడి మెల్లగా తగ్గిస్తూ వాడాలి. తొందరపడి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మన దగ్గర ఇలాంటి రోగుల్లో చాలామందికి మధుమేహం కూడా ఉంటుంది. స్టెరాయిడ్లతో షుగర్ అదుపు తప్పుతుంది కనుక ఆ లెక్కా చూసుకోవాలి. తొందరగా గుర్తిస్తే ఎక్కువమంది కోలుకుంటారు. ఆలస్యమైతే మిగిలేది ఆక్సిజన్ సిలిండర్‌తో సహవాసం.

ఇక్కడో హెచ్చరిక. ఇది చదివి ఎవరూ రేపటి నుంచి మాత్ర మానేయకూడదు. ఈ మందు కొందరికి ప్రాణాలకు కాపలా. డాక్టర్‌ను అడగకుండా ఆపితే ఆగిన దడ మళ్లీ విరుచుకుపడవచ్చు. ఆపాలా, మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మారాలా, తీగ పంపి గుండెలోని లోపాన్ని కాల్చే అబ్లేషన్ చేయించాలా, షాక్ ఇచ్చే పరికరం అమర్చాలా అన్నది గుండె డాక్టర్ తేల్చాల్సిన విషయం. అయోడిన్ లేని డ్రోనెడరోన్ అనే చుట్టపు మందును అమెరికా 2009లో ఆమోదించింది. అది ఊపిరితిత్తుల మీద అంత కఠినంగా ఉండదని ఆశపడ్డారు. కానీ దాని శక్తి తక్కువ. గుండె బాగా బలహీనపడినవారికి అది పనికిరాదు సరికదా ప్రమాదం కూడా. అందుకే అమియోడరోన్ గద్దె దిగలేదు. కాకపోతే దాన్ని వేరే మందులు కుదరని సందర్భాలకు అట్టిపెట్టుకోవాలన్న మాటే 2023లో వచ్చిన అమెరికా హృద్రోగ నిపుణుల మార్గదర్శకాల్లోనూ ఉంది.

పుస్తకంలో ఉంది, ఊళ్లో లేదు

చేయాల్సినవి ఏ వైద్య గ్రంథం తిరగేసినా ఉంటాయి. మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష, థైరాయిడ్, కాలేయ పరీక్షలు, ఈసీజీ. ఆ తర్వాత ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయం. ఏడాదికోసారి ఎక్స్‌రే, ఈసీజీ. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఊపిరితిత్తుల పరీక్ష. థైరాయిడ్ ఎందుకంటే 200 మిల్లీగ్రాముల ఒక్కో మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములే. మాత్రలోని అయోడిన్‌లో కొద్ది భాగమే విడుదలైనా అది అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కొందరిలో థైరాయిడ్ మందగిస్తుంది, కొందరిలో రెచ్చిపోతుంది. రెండోది జరిగితే గుండె దడ తిరిగి మొదలవుతుంది.

ఇవన్నీ పెద్ద దేశాల్లోనూ సక్రమంగా జరుగుతున్నాయని అనుకోనక్కర్లేదు. అమియోడరోన్ వాడేవారిని క్రమం తప్పకుండా పరీక్షించాలని, ఊపిరితిత్తుల మీద అనుమానం వస్తే సీటీ స్కాన్ ఆలోచించాలని 2022 మార్చిలో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ అక్కడి డాక్టర్లకు ప్రత్యేకంగా గుర్తు చేయాల్సి వచ్చింది. అమెరికాలో ఈ మందు కొన్న ప్రతి రోగికీ మామూలు భాషలో రాసిన సమాచార పత్రం చేతికివ్వాలన్న నిబంధన ఉంది. మన దగ్గర? పది మాత్రల పట్టీని కత్తిరించి అయిదు ఇస్తారు. డబ్బాలోని కాగితం షాపులోనే ఉండిపోతుంది. అది రోగికి దక్కినా అందులో ఉండేది చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఎంత చదువుకున్నవాడైనా దాన్ని మడిచి పారేస్తాడు.

ఈ లోటును పూడ్చడానికి కోట్లు అక్కర్లేదు. డిశ్చార్జి చేసేటప్పుడు ఆస్పత్రి ఒక చిన్న కార్డు ఇస్తే చాలు. దాని మీద తెలుగులో నాలుగు మాటలు ఉండాలి: మందు పేరు, ఎప్పటిదాకా వాడాలి, ఏ నెలలో ఏ పరీక్ష, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి. టీకాలకు పసిపిల్లల తల్లికి కార్డు ఇవ్వడం చేతనైన వ్యవస్థకు ఇది కష్టం కాదు. చీటీ మీద మందు పేరుతో పాటు ముగింపు తేదీ రాయడం డాక్టర్‌కు ఒక్క క్షణం పని. ఆరు నెలల కిందటి చీటీ మీద ఈ మందు ఇవ్వనని చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత.

ఈలోగా రోగులు, వారి ఇంట్లోవాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మందుల డబ్బా ముందేసుకుని అమియోడరోన్ లేదా కార్డరోన్ అన్న పేరు ఉందేమో చూడండి. బ్రాండు ఏదైనా కింద అసలు పేరు ఉంటుంది. ఉంటే తర్వాతిసారి డాక్టర్‌ను సూటిగా అడగండి: ఇది నాకెందుకు? ఎంతకాలం? ఇంతకన్నా తక్కువ మోతాదు సరిపోతుందా? ఊపిరితిత్తులు, థైరాయిడ్, కాలేయం చివరిసారి ఎప్పుడు చూశారు? పాత ఎక్స్‌రేలు పారేయకండి. రక్తం పలచబడే వార్ఫరిన్, గుండెకు వాడే డిగాక్సిన్, కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వస్టాటిన్ దీనితో కలిస్తే వాటి ప్రభావం పెరుగుతుంది. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఏదైనా ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే మత్తు డాక్టర్‌కు ఈ మందు సంగతి తప్పక చెప్పండి. ఆపరేషన్ సమయంలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఈ మందు వాడేవారి ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిన్న సందర్భాలున్నాయి. మందు ఆపేసి రెండు మూడు నెలలైనా చెప్పడం మరవద్దు.

చెడు జరిగితే చెప్పుకునే చోటు కూడా ఉంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2010లో మొదలైన జాతీయ కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. డాక్టర్లే కాదు, రోగులూ ఫిర్యాదు చేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. రోగులు నింపే పత్రం తెలుగులోనూ ఉంది. ఎంతమందికి ఈ నంబర్ తెలుసన్నది వేరే ప్రశ్న. నమోదైతేనే మన జనంలో ఏ మందు ఎవరికి ఎంత చేటు చేస్తోందో తెలుస్తుంది. లేకపోతే ఎప్పటికీ అమెరికా లేబుల్ మీది అంకెలే మనకు దిక్కు.

నిజానికి అమియోడరోన్ ఒక ఉదాహరణే. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు నెలల తరబడి వాడే నైట్రోఫ్యురాంటోయిన్ కూడా అరుదుగా ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. అంతుబట్టని దగ్గుతో వచ్చిన ఏ రోగినైనా డాక్టర్ అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, మీరు ఏమేం మందులు వాడుతున్నారని. దీర్ఘకాలం వాడే ప్రతి మందుకూ మొదలుపెట్టిన డాక్టర్ ఉన్నట్టే, దాన్ని ఎప్పటికప్పుడు తిరిగి చూసే డాక్టర్ కూడా ఉండాలి. గుండె నిలకడగా కొట్టుకుంటోందని సంతోషించే ముందు, ఆ మనిషి మూడో మెట్టు దగ్గర ఎందుకు ఆగాడో అడగాలి.